రెండు రోజుల జ్వరం

రోజు 1

నా పేరు పితాని హైమావతి. ఆరోగ్యశాఖలో కాంట్రాక్టు మీద టీకాలు వేస్తాను. ఈ ఉదయం పడవబస్సు దిగి తేలుపేటలో అడుగుపెట్టాను. పెట్టిన చోటు కాస్త కిందికి దిగి మళ్లీ పైకి లేచింది. ఇక్కడ ఒకప్పుడు ఊళ్లూ కొబ్బరితోటలూ ఉండేవట. ఇప్పుడు వాటి మీద ఇరవై అడుగుల ఉప్పునీళ్లు, నీళ్ల మీద ప్లాస్టిక్ డ్రమ్ములు, డ్రమ్ముల మీద ఇళ్లు. నాకిచ్చిన గదీ అలాంటిదే. పక్కింటావిడ పచ్చడి రుబ్బితే నా మంచం ఊగుతుంది.

నీలిదగ్గుకి టీకా వేయడం నా పని. ఈ దగ్గు పట్టుకున్నవాళ్లకి ఐదో రోజున పెదాలు నీలంగా మారతాయి. అలా మారినవాళ్లలో పదిమందికి ఇద్దరు దక్కరు. టీకా అంటే సూది కాదు, బొట్టుబిళ్లంత స్టిక్కరు. భుజానికి అతికిస్తే పావుగంటలో కరిగి ఒంట్లోకి దిగుతుంది. అక్కడ గోధుమరంగు మచ్చ మిగులుతుంది. తర్వాత రెండు రోజులు ఒళ్లు కాలిపోయే జ్వరం. మూడో రోజుకి మనిషి లేచి తిరుగుతాడు, దగ్గు ఇక అతని జోలికి రాదు.

పేటలో టీకొట్టు నడిపే ఒక్కాయన తప్ప పెద్దవాళ్లంతా నాచు షెడ్డులోనే పనిచేస్తారు. సముద్రంలో పెంచిన నాచుని కోసుకొచ్చి, ఆరబెట్టి, పిండి చేసి మెట్ట మీది నగరాలకి పంపుతారు. మొత్తం నాలుగు వందల పన్నెండు మంది. నా దగ్గర ఐదు వందల బిళ్లలు, ఒక చల్లపెట్టె, గొడుగు, ట్యాబు ఉన్నాయి. గడువు ఏడు వారాలు. కట్ట అవతలి పేటలో ఇప్పటికే తొమ్మిదిమంది పోయారు.

బయల్దేరేముందు జిల్లా ఆఫీసరు విద్యాధరరావుగారు నన్ను కూర్చోబెట్టి, అక్కడివాళ్లకి అవగాహన లేదని, నేను వెళ్లి కలిగించాలని చెప్పారు. పన్నెండు కిలోల కరపత్రాలు ఇచ్చారు. సాయంత్రానికి వాటిలో వేయించిన రొయ్యలు పొట్లం కట్టి అమ్మడం చూశాను. కాగితం మంచిదే, నూనె పీల్చడం లేదు.

ఈ లాగ్ శాఖ కోసం రాస్తున్నది కాదు. శాఖ ఫారంలో తిరస్కరణకి మూడే కారణాలున్నాయి: అవగాహన లేమి, మూఢనమ్మకం, పుకార్లు. నాలుగోది టైపు చేస్తే ట్యాబు ఎర్రబడి మొదటి పేజీకి తోసేస్తుంది. అందుకని మిగతాది ఇక్కడ రాసుకుంటున్నాను.

వేసిన టీకాలు: సున్నా.

రోజు 3

ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకున్నాను. పదిహేడుమంది ఆడవాళ్లు తమ పేరు మహాలక్ష్మి అన్నారు. అందులో తొమ్మిదిమందికి ఇంటిపేరు కూడా ఒకటే. ఒకాయన తన పేరు కూడా మహాలక్ష్మే అనబోయి, భార్య మోచేత్తో పొడిస్తే సర్దుకున్నాడు.

పద్దెనిమిదో ఇల్లు మల్లాడి నూకాలుగారిది. షెడ్డులో ఆడవాళ్లకి మేస్త్రి ఆవిడ. యాభై ఏళ్లుంటాయి. అడక్కుండానే పీట వేసి, తనని కూడా మహాలక్ష్మి అనే రాసుకోమంది. నేను ట్యాబు మూసేసి అసలు సంగతేమిటని అడిగాను.

ఎనిమిదేళ్ల కిందట ఇలాగే ఆరోగ్య సర్వే అని ఒకావిడ వచ్చిందట. అందరి పేర్లూ రాసుకుని, తలుపుల మీద పసుపురంగు నంబర్లు వేసి వెళ్లింది. మూడు నెలలకి ఒక టగ్గుబోటు ఆ నంబర్ల జాబితాతో వచ్చింది. ఎవరికో జెట్టీ కట్టాలని నంబరున్న ప్రతి ఇంటినీ తాళ్లు వేసి పదకొండు కిలోమీటర్లు లోపలికి లాగి పడేసింది. నూకాలుగారి ఇంట్లో అప్పుడు పొయ్యి మీద అన్నం ఉందట. అన్నం ఉడికేసరికి ఊరు మారిపోయింది.

"ఆవిడా మీలాగే మంచిదేనండి," అంది నూకాలుగారు. "గొడుగు కూడా ఉండేది."

ఫారంలో కారణం అడిగితే పుకార్లు అని నొక్కాను.

రోజు 6

టీకొట్టాయన పేరు గుబ్బల సింహాచలం. కొట్టు కూడా డ్రమ్ముల మీదే, షెడ్డు దారిలో కట్టేసి ఉంటుంది. మనిషికి ముఖం కంటే మీసం ముందొస్తుంది. దాన్ని నాచు జిగురుతో మెలిపెట్టి నిలబెడతాడు. స్టిక్కరు వేసుకుంటే మగాళ్లకి మీసాలు రాలిపోతాయన్న వార్త పేటంతా ఆయన దగ్గర్నుంచే పాకింది. ఎవరు చెప్పారని అడిగితే, పై పేటలో ఒకాయన మీసం టీ గ్లాసులో పడిపోయిందట, అడిగి తెలుసుకోమన్నాడు. ఆ ఒకాయన పేరడిగితే మహాలక్ష్మి అన్నాడు. కొట్టు కొట్టంతా పడిపడి నవ్వారు. నాక్కూడా నవ్వొచ్చింది, కనపడకుండా టీ తాగేశాను.

నేను గమనించింది ఒకటుంది. మీసాల మాట చెప్పేవాళ్లెవరూ దాన్ని నమ్ముతున్నట్టు లేరు. నాకు వద్దని మొహమ్మీద చెప్పడం మర్యాద కాదు కాబట్టి మీసాల మీదుగా చెబుతున్నారు. మరి అసలెందుకు వద్దో తెలియాలి.

వేసినవి: సున్నా. నాకు పేరు మాత్రం పెట్టారు. స్టిక్కరమ్మ.

రోజు 9

తెలిసింది.

అందరూ ఒకచోట దొరుకుతారు కదా అని పొద్దున్న ఆరింటికి షెడ్డు దగ్గరికి వెళ్లాను. వాకిట్లో తలుపుచట్రంలాంటి యంత్రం ఒకటి ఉంది. దాన్ని వేడిగేటు అంటారు. దాని కిందనుంచి నడిస్తే ఒంటి వేడి చూసి పచ్చదీపమో ఎర్రదీపమో వెలిగిస్తుంది. పచ్చదీపం వెలిగితే చేతి కడియం మీద ఆ రోజు చుక్క పడుతుంది. ఎర్రదీపం వెలిగితే ఇంటికే. ఒక్క రోజు చుక్క తప్పితే వరస పోతుంది. వరస పోయినవాళ్ల పని కట్ట మీద గుడారాల్లో ఎదురుచూస్తున్న ఎనభైమందిలో మొదటివాళ్లకి ఇచ్చేస్తారు. పోయినవాళ్లు వెళ్లి ఆ ఎనభైమంది వెనక నిలబడాలి. అక్కణ్ణుంచి మళ్లీ షెడ్డులోకి రావడానికి ఏడాదో రెండేళ్లో పడుతుంది.

షెడ్డుకి ఆదివారాలు లేవు. మూడు నెలలకోసారి యంత్రాలు కడిగే రెండు రోజులే సెలవు.

మామూలు జ్వరమైతే చేపల పెట్టెల్లోంచి ఐసుముక్కలు తీసి మెడకి రుద్దుకుని గేటు దాటేస్తారట. కొందరు నాలుగైదు ముక్కలు చంకల్లో పెట్టుకుని నీళ్లు కార్చుకుంటూ నడవడం నేనే చూశాను. స్టిక్కరు జ్వరం మాత్రం ఐసుకి లొంగదు.

మేనేజరు కృపానందంగారు నన్ను లోపలికి పిలిచి కుర్చీ వేయించారు. అవతలి పేటలో దగ్గు మొదలవగానే పనివాళ్ల క్షేమం కోరి కంపెనీ ఈ గేటు పెట్టిందని, దీనికెంత ఖర్చయిందో నేను ఊహించలేనని చెప్పారు. టీకా జ్వరానికి రెండు రోజులు మినహాయింపు ఇవ్వవచ్చు కదా అన్నాను. జ్వరం జ్వరమే కదమ్మా, గేటుకేం తెలుస్తుంది అన్నారు. ఆయన మాత్రం పక్క తలుపులోంచి వస్తారు.

అంటే ఈ నాలుగు వందల పన్నెండు మందికీ అవగాహన బ్రహ్మాండంగా ఉంది. దగ్గొస్తే పోతామేమో. స్టిక్కరేసుకుంటే పని కచ్చితంగా పోతుంది. లేనిదల్లా నాకూ విద్యాధరరావుగారికీ.

రోజు 12

నా నివేదిక చదివి విద్యాధరరావుగారు వెంటనే స్పందించారు. అవగాహన బెలూను పంపారు.

అది పొద్దున్న ఎనిమిదింటికి గాల్లో తేలుతూ వచ్చి పేట మీద నిలబడి, ప్రియమైన లబ్ధిదారులారా అని మొదలుపెట్టింది. వ్యాధి నిరోధకత ఆవశ్యకతను గురించి గంటన్నర మాట్లాడింది. ఆ తెలుగు అర్థమవడానికి నాకే నాలుగుసార్లు వినాల్సి వచ్చింది. తొమ్మిదిన్నరకి కొంగ ఒకటి వచ్చి దాని మీద వాలింది. బెలూను 'మీ కుటుంబ భవిష్యత్తు' అంటూనే సన్నగా ఈలవేసి నీళ్లలో పడింది. దాని గుడ్డతో ఇప్పుడు మూడిళ్లకి కొత్త పైకప్పులు వచ్చాయి. శాఖ మొదటిసారి ఈ పేటకి పనికొచ్చే వస్తువు ఇచ్చిందని నూకాలుగారు మెచ్చుకుంది.

రోజు 15

సింహాచలం భార్య పేరు రమణ. ఇరవై ఎనిమిదేళ్లు. షెడ్డులో నాచు పరుస్తుంది. మొగుడు మీసాల కథ చెబుతుంటే వెనక నిలబడి గ్లాసులు కడుగుతూ, అతను మరిచిపోయిన ముక్కలు అందిస్తూ ఉంటుంది. ఈ రోజు షిఫ్టు దిగి నా గదికి వచ్చింది. చల్లపెట్టె తెరిచి చూసి, బిళ్లలు లెక్కపెట్టి, మూతపెట్టి అడిగింది.

"మీరేసుకున్నారా అక్కా?"

వేసుకున్నానని చెప్పాను.

ఇది నా సొంత లాగ్ కాబట్టి నిజం రాస్తాను. నేను వేసుకోలేదు. పోయిన పోస్టింగులో మూడు వందల మందికి వేశాను, ఇక్కడ నాలుగు వందల మందిని వేసుకోమని తిరుగుతున్నాను, నా భుజం మాత్రం నున్నగా ఉంది. మాకూ ఒక గేటుంది, అది కనపడదు, అంతే తేడా. కాంట్రాక్టు మనిషి వరసగా రెండు రోజులు డ్యూటీకి రాకపోతే దాన్ని సేవా విరామం అంటారు. పన్నెండేళ్లు విరామం లేకుండా చేస్తేనే ఉద్యోగం పర్మినెంటు. నాకు పదకొండేళ్ల ఎనిమిది నెలలయ్యాయి. జ్వరం రాని టీకా కూడా ఉంది, నగరాల్లో దొరుకుతుంది. అది కొనాలంటే నా రెండు నెలల జీతం పెట్టాలి. విద్యాధరరావుగారిది అదే. వేసుకున్న గంటలోనే టెన్నిస్ ఆడానని మీటింగులో చెప్పారు.

నాకు అవగాహన నిండా ఉంది. సెలవు లేదు.

రోజు 19

రమణ మనిషి కాదు, సుడిగాలి. యంత్రాలు కడిగే రెండు రోజులు ఇంకో నాలుగు రోజుల్లో వస్తున్నాయని లెక్కగట్టింది. ముందురోజు సాయంత్రం స్టిక్కరేసుకుంటే జ్వరం రెండు రోజులూ సెలవులోనే అయిపోతుంది. ఎవరి వరసా పోదు. ఈ మాట చెప్పి ఇంకో ముప్పైతొమ్మిదిమంది ఆడవాళ్లని ఒప్పించింది. మొగుడి కొట్టులోనే నిలబడి ఒప్పించింది. సింహాచలం మీసాల ప్రస్తావన తెస్తే, మాకు లేవు కదా, మాకేం భయం అందట.

నలభై బిళ్లలు వేరే డబ్బాలో సర్దిపెట్టాను. రెండున్నర వారాల్లో మొదటిసారి కడుపునిండా తిన్నాను.

రోజు 22

షెడ్డు కడగడం వాయిదా పడింది. ఈసారి నాచు విపరీతంగా పండింది, కోత ఆగకూడదన్నారు. సెలవు మూడు వారాల తర్వాత ఇస్తారట. ముప్పైతొమ్మిదిమంది రాలేదు. రమణ ఒక్కతే వచ్చింది. తను వేసుకుంటే రెండు చుక్కలు పోతాయి, మూడు వారాలు ఆగితే ఏమైనా అవుతుందా అని అడిగింది.

ఇప్పుడే వేసుకో అని అనాలి నేను. కానీ పోయే వరస నాది కాదు, ఆమెది. ఇదే లెక్క నా విషయంలో నేనెలా వేసుకున్నానో నాకు తెలుసు. ఆ మొహంతో ఆమెకేం చెప్పను?

"మూడు వారాలేగా. అప్పుడు వేసుకుందువులే, ఏం కాదు," అన్నాను.

తేలికపడి వెళ్లిపోయింది. వెళ్తూ డబ్బాలో తన బిళ్లని వేరే వాళ్లకి ఇవ్వొద్దంది.

రోజు 29

రమణకి దగ్గు. పొద్దున్న గేటు ఎర్రదీపం వెలిగించిందట. ఇంటికెళ్లి మెడకి ఐసు రుద్దుకుని మళ్లీ వచ్చి నిలబడిందట. మళ్లీ ఎరుపే. దగ్గు మొదలయ్యాక బిళ్ల వేసి లాభం లేదు. ఆస్పత్రి పడవకి కబురు చేశాను. వారానికి రెండుసార్లు వస్తుంది, నిన్ననే వచ్చి వెళ్లింది.

రోజు 33

మధ్యాహ్నం రెండు గంటలకి రమణ పోయింది. పడవ ఆస్పత్రి చేరడానికి ఇంకో గంట ప్రయాణం ఉంది. నేను పక్కనే ఉన్నాను.

ఇంకేం రాయలేను.

రోజు 35

రమణకి ఎర్రదీపం వెలిగిన మర్నాడే ఆమె పని కట్ట మీద వరసలో మొదట ఉన్న అమ్మాయికిచ్చేశారు. కంపెనీ ఇలాంటి విషయాల్లో ఆలస్యం చేయదు. రమణ పోయిందని తెలిశాక ఆ అమ్మాయి షిఫ్టు అవగానే తిన్నగా నూకాలుగారింటికి వెళ్లి, ఆ చోట నిలబడాలంటే కాళ్లు రావట్లేదని ఏడ్చిందట.

నూకాలుగారు సాయంత్రం నా గదికి వచ్చింది. నా మంచం మీదే కూర్చుంది.

"మీ భుజం సూపించండి," అంది.

చూపించాను. రెండు భుజాలూ చూసింది. మచ్చ లేదు. నేను సేవా విరామం గురించి చెప్పాను. పర్మినెంటు గురించి, నాలుగు నెలల గురించి చెప్పాను. రమణకి నేను చెప్పిన రెండబద్ధాల గురించి కూడా చెప్పాను. ఆవిడ తిడుతుందనుకున్నాను. చేతిలో గొడుగు కూడా ఉంది, నాదే. కొట్టినా ఏమీ అనకూడదని నిశ్చయించుకున్నాను.

"అయితే మీరూ మాలాంటోరేనన్నమాట," అంది. ఆ గొంతులో కోపమూ లేదు, క్షమించడమూ లేదు. జాబితాలో ఇంకో పేరు చేర్చుకున్నట్టుంది. గొడుగు పక్కన పెట్టి అడిగింది.

"ఒకరికి జొరమొత్తే గేటు తోసేత్తది. అందరికీ ఒకేసారొత్తే ఏం సేత్తదండి?"

కట్ట మీదివాళ్లని పిలుస్తారు అన్నాను.

"ఆళ్లకీ వొత్తే?"

నా దగ్గర ఐదు వందల బిళ్లలున్నాయి. షెడ్డులో నాలుగు వందల పన్నెండు. కట్ట మీద ఇప్పుడు డెబ్బై తొమ్మిది. ఇద్దరం ఒకేసారి లెక్కవేశాం. ఆవిడే ముందు ముగించింది.

రోజు 38

కట్ట మీదివాళ్లని ఒప్పించింది నేను కాదు, నూకాలుగారు కూడా కాదు. రమణ చోట చేరిన అమ్మాయి. మీకూ రేపోమాపో పని వస్తుంది, ఆ రోజే దగ్గొస్తే గేటు మిమ్మల్నీ తోసేస్తుంది, ఎవరో ఒకరు పోతే తప్ప దొరకని పని మనకెందుకు, అందరం ఒకేసారి వేసుకుంటే ఎవరి వరసా కదలదు అని గుడారం గుడారానికీ తిరిగి చెప్పింది.

పేట వాళ్లు ఒకటే షరతు పెట్టారు. పేర్లు రాయకూడదు. ఒక్కో బిళ్లా ఒక్కో చిన్న గూటిలో ఉంటుంది, ట్యాబులో పేరూ ఇంటి నంబరూ కొడితే తప్ప దాని మూత తెరుచుకోదు. సాయంత్రమంతా ఆలోచించాను. తర్వాత ఒక పేరు కొట్టి చూశాను. మహాలక్ష్మి, ఇల్లు 1. మూత తెరుచుకుంది. మళ్లీ అదే కొట్టాను. ఇంకో మూత తెరుచుకుంది. కోట్లు పెట్టి చేయించిన సాఫ్ట్‌వేరు ఇది.

రోజు 39

మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు దిగింది. ఆరున్నరకల్లా అయిపోయింది. మొత్తం నాలుగు వందల అరవైమంది మహాలక్ష్ములు. అందులో సగానికి పైగా మగాళ్లు. ముప్పై ఒక్కమంది వద్దన్నారు. వాళ్లలో కొందరికి భయం, కొందరికి కంపెనీ అంటే గౌరవం, ఒకాయన మాత్రం నిజంగానే మీసాల గురించి బెంగపడ్డాడు. వాళ్లని ఎవరూ ఏమీ అనలేదు. సింహాచలం కొట్టు తెరవలేదు, అటు రానేలేదు.

చివరి బిళ్లకి మాత్రం నా పేరే కొట్టాను, దాన్ని నూకాలుగారు నా భుజానికి అతికించింది. మీరు మాకేసినంత సుతారంగా మాకు చేతకాదు అంటూ అరచేత్తో గట్టిగా చరిచింది. జ్వరం కంటే ముందు ఆ దెబ్బే తెలిసింది.

రోజు 40

నూట రెండు. అక్షరాలు ఈత కొడుతున్నాయి. అయినా రాయాలి, ఇలాంటిది మళ్లీ చూడను.

పొద్దున్న ఆరింటికి గేటు ముందు నాలుగు వందల మంది దుప్పట్లు కప్పుకుని వణుకుతూ వరసలో నిలబడ్డారు. ఎవరూ నినాదాలివ్వలేదు, ఓపిక లేదు. ఒక్కొక్కరే గేటు కింద నడిచారు. ఎరుపు. ఎరుపు. ఎరుపు. అరవయ్యో మనిషికి యంత్రం పరికరంలో లోపం ఉన్నదని ప్రకటించి ఆగిపోయింది. కృపానందంగారు పరుగున వచ్చి, దాన్ని మళ్లీ వెలిగించి, పరీక్షించడానికి తానే కింద నడిచారు. పచ్చదీపం. నూకాలుగారు నడిచింది. ఎరుపు. ఆయన మళ్లీ నడిచారు. పచ్చ. ఆయన అలా నాలుగుసార్లు నడిచారు. జ్వరంలో నవ్వితే పక్కటెముకలు ఎంత నొప్పి పుడతాయో నాకు తెలియదు ఇన్నాళ్లూ.

కట్ట మీదికి కబురు పంపారు. అక్కణ్ణుంచీ దుప్పట్లే వచ్చాయి.

వద్దన్న ముప్పై ఒక్కమంది లోపలికెళ్లారు. అంత నాచుని వాళ్లేం చేయగలరు? తడినాచు కుప్పలో ఒకటిన్నర రోజుంటే కుళ్లుతుంది. మధ్యాహ్నానికే వాసన మొదలైంది.

రోజు 41

వాసన గురించి చెప్పడానికి మాటలున్నాయి గానీ రాయను. పొద్దున్న కంపెనీ వాళ్ల అతిథుల పడవ వచ్చింది, జెట్టీకి తాడు కూడా వేయకుండా వెనక్కి తిరిగింది. తొమ్మిదింటికి పైనుంచి ఉత్తర్వు వచ్చింది. భుజం మీద మచ్చ ఉన్నవాళ్లకి రెండు రోజుల చుక్కలూ వేస్తారు, వరస పోదు. ఇకమీద ఎవరు టీకా వేసుకున్నా రెండు రోజులు గేటు వాళ్లకి వర్తించదు. దీనికి కంపెనీ వారు ఉద్యోగుల ఆరోగ్య సంక్షేమ పథకం అని పేరు పెట్టారు. కృపానందంగారు ముక్కుకి గుడ్డ కట్టుకుని దాన్ని చదివారు.

సాయంత్రానికి వద్దన్నవాళ్లలో పదకొండుమంది నా దగ్గరికొచ్చారు.

రోజు 43

విద్యాధరరావుగారు ఫోన్ చేశారు. ఒకే ఇంట్లో నాలుగు వందల డెబ్బై ఒక్కమంది మహాలక్ష్ములు ఎలా నివసిస్తున్నారో వివరించమన్నారు. డ్రమ్ముల ఇల్లండీ, సర్దుకుంటారు అన్నాను. ఆయన నవ్వలేదు. జ్వరం ఉన్న రెండు రోజులూ నేను డ్యూటీలో ఉన్నట్టు ట్యాబులో హాజరు లేదని, రికార్డులు తప్పుగా నమోదు చేసినందుకు మెమో, రెండు రోజులకి సేవా విరామం అని చెప్పారు. జ్వరంలో హాజరు నొక్కడం నేనే మరిచిపోయాను. గేటు దగ్గర అంతసేపు నిలబడి, ట్యాబు గదిలో వదిలేశాను.

పదకొండేళ్ల ఎనిమిది నెలలు పోయాయి. రేపట్నుంచి మొదటి రోజు. ఏడుపొస్తుందేమోనని కాసేపు కూర్చుని చూశాను. ఆకలేసింది. లేచి వండుకున్నాను.

రోజు 44

సింహాచలం దగ్గరికి వెళ్లాను. కొట్టు తెరిచాడు గానీ ఎవరూ లేరు. టీ ఇచ్చి, నేను అడగకుండానే చెప్పాడు. మీసాల మాట తనే పుట్టించాడట, జనం కొట్టులో ఇంకాసేపు కూర్చుంటారని. అది రమణకి తెలుసు, కలిసే నవ్వుకున్నారు.

"దాన్నాపింది ఆ మాట కాదండి. ఏసుకుంటానని అడిగింది నన్ను. వరస పోతే ఈ కొట్టు మీద ముగ్గురం ఎలా బతుకుతామే అన్నాను. ఆగవే అన్నాను."

నేను కూడా ఆగమనే చెప్పానన్నాను. వేసుకున్నానని అబద్ధం చెప్పానని, మూడు వారాలకి ఏం కాదన్నానని మొత్తం చెప్పాను. అతను వింటూ ఒకే గ్లాసుని కడుగుతూనే ఉన్నాడు. కడిగి, తుడిచి, మళ్లీ కడిగాడు. చివరికి దాన్ని బోర్లించి లోపలికెళ్లాడు. ఇక రాడనుకుని లేచాను. కూతుర్ని తీసుకొచ్చాడు. కస్తూరికి ఏడేళ్లు, ఆ వయసుకి సగం బిళ్ల వేయాలి, జ్వరం కూడా ఒక్క రోజే ఉంటుంది.

"నాకొద్దండి. దీనికెయ్యండి," అన్నాడు.

వేశాను. ట్యాబులో పేరు అడిగింది. ఏం రాయమంటావని అతన్నే అడిగాను. కస్తూరి అనే రాయమన్నాడు.

రోజు 45

కస్తూరికి పొద్దున్న నూటొకటి. సింహాచలం కొట్టు తెరవకపోతే కుదరదు. నేను ఉంటానన్నాను. నన్ను చూసి, పిల్లని చూసి వెళ్లాడు.

రోజంతా తడిగుడ్డ మార్చాను. పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. ఒకసారి మాత్రం నా భుజం మీద మచ్చని వేలితో తడిమి చూసి, మళ్లీ అటు తిరిగింది. నాలుగింటికి చెమట పట్టి ఒళ్లు చల్లబడింది. లేచి కూర్చుని గంజి కావాలంది.

గంజి కాచాను. ఉప్పు ఎక్కడుందో కనిపించలేదు, డబ్బాలన్నీ తెరిచి చూశాను. పిల్ల గోడ పట్టుకుని మెల్లగా నడిచి వచ్చింది. బియ్యం డబ్బా వెనక చెయ్యి పెట్టి, మూత లేని చిన్న సీసా ఒకటి తీసి ఇచ్చింది.

"అమ్మ ఇక్కడ పెడద్ది," అంది.